సోలార్ మనదే, పాస్‌వర్డ్ మాత్రం ఇన్‌స్టాలర్‌ది: ఏం చేయాలి?

(ఇది ఆన్‌లైన్ చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

గుంటూరు మేడ

మాది గుంటూరులో సొంత ఇల్లు, పైన 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్. ప్యానెళ్లతో ఏ గొడవా లేదు. పెట్టిన వాళ్లే ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు, ఆఫీసు ఉన్న చోట మొబైల్ షాపు వచ్చింది. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) యాప్‌లో మాకు ఇచ్చింది చూసుకోవడానికి పనికొచ్చే లాగిన్ మాత్రమే, అసలు అకౌంట్ వాళ్ల పేరు మీదే ఉంది. ఇంట్లో వైఫై రూటర్ మార్చాం, అంతే, ఇన్వర్టర్‌కు గుచ్చిన వైఫై స్టిక్ కనెక్ట్ అవడం మానేసింది. మళ్లీ కలపాలంటే ఇన్‌స్టాలర్ అకౌంట్‌లోంచే కలపాలట. కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే "మీ ఇన్‌స్టాలర్‌ను అడగండి" అంటారు. ఆయన ఉంటే మీకెందుకు చేస్తానండీ?

మొన్నటి బిల్లులో ఎక్స్‌పోర్ట్ యూనిట్లు (మేం లైన్లోకి పంపినవి) బాగా తగ్గాయి. ఎందుకు తగ్గాయో చూద్దామంటే డేటా లేదు. లక్షా చిల్లర పోసి కొన్న వస్తువు రోజుకు ఎన్ని యూనిట్లు ఇస్తోందో తెలుసుకోవడానికి ఇంకొకళ్ల దయ కావాలా? ఆ యాప్ లేకుండా నేరుగా ఇన్వర్టర్‌లోంచి చదువుకునే దారి ఉందా? నాకు కోడింగ్ రాదు, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు.

నాలుగు పిన్నులు

ఉందండీ. ఇన్వర్టర్ అడుగున రబ్బరు మూత పెట్టిన చిన్న పోర్ట్ ఒకటి ఉంటుంది, దాని మీద కామ్ అనో ఆర్‌ఎస్‌485 అనో రాసి ఉంటుంది. చాలా బ్రాండ్లు అందులోంచి మాడ్‌బస్‌లో మాట్లాడతాయి. అది యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1979 నాటి పద్ధతి (ప్రొటోకాల్), ఫ్యాక్టరీ యంత్రాల కోసం పుట్టింది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు తీగలు, ఏ, బీ. వాటిని ఒక 485 మాడ్యూల్‌కు, ఆ మాడ్యూల్‌ను ఇఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలపండి, సామానంతా వెయ్యి రూపాయల లోపే వస్తుంది. బోర్డులో ఇఎస్‌పీహోమ్ అనే ప్రోగ్రామ్ ఎక్కించి, మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో రీడింగులు దాచే హోమ్ అసిస్టెంట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే యూనిట్లు, గ్రిడ్ ఓల్టేజీ, ప్యానెల్ స్ట్రింగ్ ఓల్టేజీ, ఫాల్ట్ కోడ్‌లు అన్నీ మీ ఇంట్లోనే రికార్డవుతాయి. రెండూ ఓపెన్ సోర్సే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు.

కోడింగ్ పెద్దగా ఏమీ ఉండదు, ఒక టెక్స్ట్ ఫైల్‌లో రిజిస్టర్ నంబర్లు (ఏ రీడింగ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పేవి) రాయాలి. మీ మోడల్‌కు ఎవరో ఒకరు ఈపాటికే రాసి పెట్టే ఉంటారు, మోడల్ నంబర్ చెప్పండి వెతుకుదాం. ఏ, బీ తీగలు తారుమారైతే ఏమీ కాలిపోదు, రీడింగ్ రాదంతే, మార్చి బిగించండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా, డీసీ వైపు, అంటే ప్యానెళ్ల నుంచి వచ్చే తీగల వైపు, చెయ్యి పెట్టొద్దు. ఎండ ఉన్నంత సేపూ ఆ తీగల్లో వందల ఓల్టులు ఉంటాయి, మెయిన్ ఆఫ్ చేసినంత మాత్రాన పోవు. అలాగే బోర్డుతో రీడింగులు చదవండి చాలు, ఇన్వర్టర్ సెట్టింగులు మార్చే రిజిస్టర్ల జోలికి పోవద్దు.

బిల్లుల మాస్టారు

ఇదంతా సరే, అసలు సోలార్ ఎవరికి గిట్టుబాటు అనే లెక్క ఇక్కడ ఎవరూ వేయరేంటి? ఆంధ్రాలో గృహ శ్లాబులు తెలుసు కదా: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీయే 2,110 అవుతుంది. అందులో చివరి 125 యూనిట్లకే 1,094. సోలార్ వస్తే పైనున్న ఈ ఖరీదైన యూనిట్లు ముందు కోతపడతాయి, లాభమంతా అక్కడే. 150 యూనిట్లు వాడే ఇంటికి మొత్తం 567 రూపాయలు. ఆ 567 కోసం సబ్సిడీ పోను అరవై, డెబ్బై వేలు పెట్టి 2 కిలోవాట్లు బిగిస్తే, అసలు తిరిగి రావడానికి పదేళ్లు. ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవచ్చు.

3 కిలోవాట్ల వాళ్లకు కేంద్రం సూర్యఘర్ సబ్సిడీ పథకం కింద 78,000 ఇస్తుంది (మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు), ఆపైన ఎంత పెట్టుకున్నా పైసా ఎక్కువ రాదు. 3 కిలోవాట్లు నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి. సబ్సిడీ పోను లక్షా పాతిక వేలు పడిందనుకున్నా 350 వాడే ఇంటికి ఐదేళ్లలో వచ్చేస్తుంది. తక్కువ వాడే ఇంటాయన పక్కింటాయన్ని చూసి పెట్టించుకుంటున్నాడు, బాధ అదీ. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే వాళ్లకైతే ఇప్పటికిప్పుడు ఏం మిగులుతుందో నాకు అర్థం కాదు.

గుంటూరు మేడ

మాస్టారూ, మాది వేసవిలో 400 దాటే ఇల్లు, రెండు ఏసీలు. లెక్క చూసుకునే దిగాం. శ్లాబు రేటు ఒక్కటే కాదు కదా, సర్దుబాటు చార్జీలని ఒకటి తగిలిస్తారు. 2022-23లో వాడిన కరెంటుకు 2024 డిసెంబర్ నుంచి వసూలు మొదలుపెట్టారు. ఎప్పుడో తిన్న భోజనానికి తర్వాతెప్పుడో బిల్లు. అద్దెకుండి ఖాళీ చేసి పోయినవాడు వాడిన కరెంటుకు కొత్తగా దిగినవాడు కట్టిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఆ టెన్షన్ పడలేకే సోలార్ పెట్టించా.

మియాపూర్ ఎఫ్ బ్లాక్

మధ్యలో దూరుతున్నా, మన్నించండి. మాది 90 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, నేను అసోసియేషన్ సెక్రటరీని (ఎవరూ ఒప్పుకోకపోతే నా మెడకు చుట్టారు). లిఫ్టులు, బోర్లు, మురుగునీరు శుద్ధి చేసే ఎస్‌టీపీ కలిపి కామన్ మీటర్ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక సంస్థ వచ్చి "మీరు రూపాయి పెట్టక్కర్లేదు, ప్యానెళ్లు మావే, మీ టెర్రస్ ఇవ్వండి, తయారైన యూనిట్‌కు ఇంత అని మాకు కట్టండి, 20 ఏళ్ల అగ్రిమెంట్" అంటోంది. రెస్కో మోడల్ అట. ఓనర్ల మీటింగులో సగం మంది చప్పట్లు, సగం మంది తిట్లు. సొంతంగా కొనడానికి చందాలు వేద్దామంటే అద్దెకిచ్చిన ఓనర్లు పలకరు. ఎవరైనా ఇలాంటి అగ్రిమెంట్ చదివారా?

బిల్లుల మాస్టారు

చదివా, మా మేనల్లుడి కాలేజీది. యూనిట్ రేటు అందరూ చూస్తారు, దాని కింద ఏటా ఇంత శాతం పెరుగుతుందనే లైను ఎవరూ చూడరు. మొదటి ఏడాది డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) రేటు కంటే రూపాయి తక్కువ అని మురిసిపోతే, ఏటా 3 శాతం చొప్పున పెరిగినా 20వ ఏడాదికి ఆ రేటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈలోగా డిస్కం రేటు పెరగకపోతే? తర్వాత, "డీమ్డ్ జనరేషన్" అని ఉంటే ఆగి చదవండి, కరెంటు పోయి సోలార్ ఆగిపోయినా తయారైనట్టే లెక్కేసి మీ దగ్గర వసూలు చేస్తారు. ఏ ఏడాదిలో మీరే కొనేసుకోవాలంటే ఎంత కట్టాలో పట్టిక ఉండాలి. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే ప్యానెళ్లు తీసి మళ్లీ పెట్టే ఖర్చు ఎవరిది? హైదరాబాద్ టెర్రస్ 20 ఏళ్లు కారకుండా ఉంటుందని నమ్మేవాళ్లు చేతులెత్తండి.

ఇంకోటి, సూర్యఘర్‌లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల కామన్ అవసరాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున, 500 కిలోవాట్ల దాకా సబ్సిడీ ఉంది. అది పోను ఎంతవుతుందో కొటేషన్ తెప్పించి, బ్యాంకు లోను వాయిదా పక్కన పెట్టి, అప్పుడు రెస్కో వాళ్ల రేటు చూడండి.

నాలుగు పిన్నులు

@మియాపూర్ ఎఫ్ బ్లాక్: అగ్రిమెంట్‌లో మీటర్ గురించి కూడా రాయించండి. వాళ్లు తయారుచేసిన యూనిట్లకు మీరు డబ్బు కడతారు, ఆ యూనిట్లు లెక్కపెట్టేది వాళ్ల యాప్. ఇదేం న్యాయం? జనరేషన్ మీటర్ రీడింగ్ మీ సొంత లాగర్‌లోకి కూడా రావాలి, మాడ్‌బస్ పోర్ట్ మీకు తెరిచి ఉండాలి, రిజిస్టర్ పట్టిక కాగితం మీద ఇవ్వాలి అని ఒక క్లాజు పెట్టండి. వేల్స్‌లో మొదలైన ఓపెన్ ఎనర్జీ మానిటర్ అని ఒక ప్రాజెక్టు ఉంది, సర్క్యూట్ డిజైన్ దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ దాకా అంతా ఓపెన్. క్లాంప్ సెన్సర్ తీగకు తగిలిస్తే చాలు, తీగ కోయక్కర్లేదు. బిల్లింగ్‌కు పనికొచ్చేంత కచ్చితం కాకపోయినా, ఎవరైనా పది శాతం ఎక్కువ వేస్తుంటే పట్టేస్తుంది.

అసలు క్లౌడ్ మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో 2024 నవంబర్‌లో అమెరికాలో చూశారు. డెయే బ్రాండ్ ఇన్వర్టర్లు కొన్ని, ఇక్కడ వాడటానికి అనుమతి లేదన్న అర్థం వచ్చే మెసేజ్ స్క్రీన్ మీద పెట్టి పనిచేయడం మానేశాయి. అక్కడ అమ్ముకునే హక్కులు వేరే కంపెనీవట. వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే చీకట్లో కూర్చున్నది డబ్బు కట్టి కొన్నవాడు.

మరమగ్గం

మాది సిరిసిల్ల. మీరందరూ సొంతమా, కిరాయా అని రెండే దారులు చెబుతున్నరు. మా దగ్గర మూడోది ఉన్నది, సెస్. 1970 నుంచి నడుస్తున్న సహకార విద్యుత్ సరఫరా సంఘం. మా జిల్లాలో స్తంభాలు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఆ సంఘానివే, కనెక్షన్ తీసుకున్నోళ్లం మేము సభ్యులం, డైరెక్టర్లను ఓటేసి ఎన్నుకుంటం. మరమగ్గాల ఊరు కాబట్టి కరెంటు ఒక గంట పోతే వందల ఇండ్లల్ల కూలి పోతది. ఆంధ్ర దిక్కు కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లిలో కూడా ఇట్లాంటి సంఘాలే పెట్టిన్రు.

బిల్లు తక్కువొస్తదా అంటే రాదు. సెస్ కరెంటు తయారు చేయదు, డిస్కం దగ్గర టోకున కొని పంచుతది, రేటు నిర్ణయించేది ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి. ఎన్నికలప్పుడు అసెంబ్లీకి తక్కువ కాకుండా పార్టీల హడావుడి ఉంటది, సగం మంది సభ్యులకు తాము సభ్యులమన్న సంగతే యాదికుండదు. అయినా ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మా డైరెక్టర్ ఇంటి ముందర నిలబడి అడుగుతం. మియాపూర్‌ల మీరు ఎవరి ఇంటి ముందర నిలబడతరు?

బెర్లిన్ బాల్కనీ

సిరిసిల్ల అన్న చెప్పింది చదివి ఆశ్చర్యపోయా. ఇక్కడ జర్మనీలో సహకార కరెంటు అనగానే అందరూ షోనావ్ అనే ఊరి కథ చెబుతారు. చెర్నోబిల్ తర్వాత బ్లాక్ ఫారెస్ట్‌లోని ఆ చిన్న ఊళ్లో కొందరు తల్లిదండ్రులు అణు విద్యుత్తు మాకొద్దని మొదలుపెట్టి, రెండు సార్లు ఊరి ఓటింగ్ గెలిచి, చందాలు పోగేసి 1997లో ఊరి లైన్లనే కొనేశారు. సిరిసిల్ల అంతకు ఇరవై ఏడేళ్ల ముందు నుంచే నడుపుతోంది, హైదరాబాద్‌లో పెరిగిన నాకు ఒక్కరూ చెప్పలేదు.

నేను ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటా. బాల్కనీ కమ్మీకి రెండు ప్యానెళ్లు, ఒక మైక్రో ఇన్వర్టర్, దాని ప్లగ్గు గోడ సాకెట్‌లో. 2024 నుంచి 800 వాట్ల దాకా ఇలా పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే చాలు, ఇంటి ఓనర్ కారణం లేకుండా కాదనడానికి వీల్లేదు. ఇల్లు మారితే విప్పి పట్టుకెళ్తా. కంపెనీ యాప్ నేను ఇన్‌స్టాల్ కూడా చేయలేదు, ఓపెన్‌డీటీయూ అని ఇఎస్‌పీ32 మీదే నడిచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, అది ఇన్వర్టర్‌తో నేరుగా రేడియోలో మాట్లాడుతుంది. హైదరాబాద్‌లో అద్దెకుండే తమ్ముడికి ఇదే పంపిద్దామనుకుంటున్నా. ఏమంటారు?

పాత లైన్‌మ్యాన్

పంపొద్దు నాయనా.

మన ఇళ్లలో ఉన్న మామూలు మీటర్లు చాలావరకు కరెంటు ఎటు పోతోందో చూడవు. మీ తమ్ముడు మధ్యాహ్నం ఆఫీసుకు పోతాడు, బాల్కనీ కరెంటు లైన్లోకి పోతుంది, మీటర్ దాన్ని కూడా వాడకంగా లెక్కేస్తుంది. తయారు చేసి మరీ బిల్లు కట్టినట్టు. నెట్ మీటర్ (తీసుకున్నదీ పంపిందీ విడిగా లెక్కేసేది) లేకుండా లైన్లోకి కరెంటు వదలడం నిబంధనలకు కూడా విరుద్ధం. కావాలంటే చిన్న బ్యాటరీ పెట్టి విడిగా ఫ్యాను, లైట్లు నడుపుకోమనండి, ఇంటి వైరింగ్‌తో కలపకుండా.

గుంటూరు ఆయన అడిగిన దానికి నా మాట. ఎక్స్‌పోర్ట్ తగ్గిందంటున్నారు, ముందు ప్యానెళ్ల మీద దుమ్ము చూశారా? కడిగి ఉంటే, ఎండ బాగా ఉన్న రోజు పన్నెండు గంటలకు ఇన్వర్టర్ స్క్రీన్ దగ్గర కాసేపు నిలబడండి. ఆగి, మళ్లీ లెక్కపెట్టుకుని స్టార్ట్ అవుతోందా? అలాగైతే అది ఓవర్ ఓల్టేజీ. కరెంటు బయటికి తోయాలంటే ఇన్వర్టర్ లైను కంటే కొంచెం ఎక్కువ ఓల్టేజీతో తోయాలి. సర్వీస్ వైరు (స్తంభం నుంచి మీటర్‌కు వచ్చేది) సన్నగా ఉన్నా, స్తంభం దగ్గర జాయింటు వదులైనా ఆ "కొంచెం" చాలా అవుతుంది. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు, జాయింటులో అర ఓమ్ నిరోధం ఉంటే ఆరున్నర ఓల్టులు అక్కడే పెరుగుతాయి. లైనే 248లో ఉంటే ఇక చెప్పేదేముంది, హద్దు దాటి ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఎండ బాగా కాసినప్పుడే ఇలా అవుతుంది, మబ్బు రోజు బుద్ధిగా పనిచేస్తుంది. అందుకే జనం ప్యానెల్ చెడిపోయిందనుకుంటారు.

గుంటూరు మేడ

తీగలు కలిపేశానండీ, నాలుగు పిన్నుల గారు పంపిన ఫైల్‌తో పని అయిపోయింది. మొదట రీడింగ్ రాలేదు, ఏ, బీ మార్చాక గడగడా వచ్చేశాయి. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఉదయం ఏడింటికి 239 ఓల్టులు. పదకొండింటికి 252. పన్నెండు దాటాక 259 దాకా ఎక్కడం, గ్రాఫ్ సున్నాకు పడటం, కాసేపటికి మళ్లీ లేవడం, రంపం పళ్లలా ఉంది. సరిగ్గా యూనిట్లు రావలసిన టైములోనే ఇన్వర్టర్ పడుకుంటోంది. కంపెనీ యాప్ పనిచేసిన రోజుల్లో రోజు మొత్తం యూనిట్లు మాత్రమే చూపించేది, ఇది ఎన్నాళ్ల నుంచి జరుగుతోందో!

యూట్యూబ్‌లో ఒకాయన ఇన్వర్టర్ సెట్టింగ్‌లో ఓల్టేజీ హద్దు పెంచేయమంటున్నాడు. చేయమంటారా?

పాత లైన్‌మ్యాన్

వద్దు. అప్పుడు ఇన్వర్టర్ 270 ఓల్టులతో తోస్తుంది, మీ ఫ్రిజ్‌తో పాటు పక్కింటి టీవీ కూడా పోతుంది. పవర్ పోయినప్పుడు, లైను తప్పినప్పుడు ఇన్వర్టర్ ఆగిపోయేది స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణం కోసం. ఆ సెట్టింగుల్లో వేలు పెట్టినవాళ్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు.

రాత్రి పది గంటలకు, ఏసీలు ఆపి, మీ ఇంట్లో ఓల్టేజీ చూడండి. తర్వాత గీజరు వేసి చూడండి. పది ఓల్టులు పడిపోతే తప్పు మీ సర్వీస్ వైరు, జాయింట్లలోనే ఉంది. పెద్దగా పడకపోతే వీధి లైనే ఎక్కువ ఓల్టేజీలో ఉంది. ట్యాప్ (ఓల్టేజీ మార్చే మెట్లు) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఒక మెట్టు దించుతారు, లేదంటే ఫేజు మార్చవచ్చు. ఆ గ్రాఫ్ ప్రింటు తీసి, 1912కు ఫోను చేసి కంప్లైంట్ నంబర్ తీసుకుని, రెండూ పట్టుకుని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి వెళ్లండి. నోటి మాటగా చెబితే "చూస్తాంలెండి" అంటారు. మేమూ అలాగే అనేవాళ్లం.

మియాపూర్ ఎఫ్ బ్లాక్

ఇంత మంచి సమాచారం మధ్య ఒక చిన్న వ్యతిరేకత. ఓపెన్ సోర్స్ బాగుంది, కానీ రేపు ఆ బోర్డు పాడైతే మా వాచ్‌మన్ బాగుచేస్తాడా? మా బ్లాకులో ఒక కుర్రాడు ఇలాగే వాటర్ ట్యాంకుకు సెన్సర్లు పెట్టాడు, ఉద్యోగం వచ్చి బెంగళూరు పోయాడు, మెమరీ కార్డు పోయింది, ఇప్పుడు మళ్లీ మనిషి పైకెక్కి చూస్తున్నాడు. కంపెనీ అయితే కనీసం తిట్టడానికి ఒక నంబర్ ఉంటుంది.

నాలుగు పిన్నులు

నిజమే, కాదనను. ల్యాప్‌టాప్ బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెడితే మెమరీ కార్డు మీద నడపొద్దు, ఎస్‌ఎస్‌డీ పెట్టండి. రెండో మనిషికి నేర్పకుండా పెట్టొద్దు. ఏ పోర్ట్, ఏ పాస్‌వర్డ్, ఏ ఫైల్ అన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి ప్యానెల్ బోర్డు తలుపుకు లోపలి వైపు అంటించండి. కంపెనీ యాప్ కూడా ఉండనివ్వండి, పోటీ ఏమీ లేదు. తిట్టడానికి నంబర్ ఉంటుందన్నారు, ఈ చర్చ మొదలైందే ఆ నంబర్ ఎత్తకపోవడం వల్ల కదండీ.

గోదారి గట్టు

రైతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. గుజరాత్ ఖేడా జిల్లాలో ఢుండి అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు కలిసి సోలార్ పంపుల సహకార సంఘం పెట్టారు. పొలానికి నీళ్లు పెట్టుకోగా మిగిలిన కరెంటును అందరూ కలిపి ఒకే మీటర్ ద్వారా డిస్కంకు అమ్మారు, యూనిట్‌కు 4.63 రూపాయలు. డిస్కంకు ఆరు మీటర్ల గోల తప్పింది, రైతుకు నీళ్లు వృథాగా తోడకుండా కరెంటు అమ్ముకుందామనే ఆశ పుట్టింది. మన దగ్గర వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి ఇలాంటిది మొలకెత్తదు, మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టేసి ఇంటికి పోతాం, బోరు అడుగంటేదాకా అది తిరుగుతూనే ఉంటుంది.

మరమగ్గం

సొంత మేడ లేనోళ్లకు పనికొచ్చేటట్టు ఢిల్లీల 2019 నుంచే వర్చువల్ నెట్ మీటరింగ్ రూల్స్ ఉన్నయి. ఎక్కడో ఒక చోట ప్లాంటు పెట్టి, అందుల వాటా ఉన్నోళ్ల ఇంటి బిల్లుల్ల యూనిట్లు తగ్గిస్తరు. ఇట్లాంటియి అడగాలంటే ఈఆర్‌సీ బహిరంగ విచారణలు ఉన్నయి కదా, ఏటా టారిఫ్‌ల మీద పెడతరు, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇయ్యొచ్చు, పోయి మాట్లాడొచ్చు. వకీలు అక్కర్లేదు. మా మగ్గాల సంఘాలోళ్లు పోతుంటరు. అపార్ట్‌మెంట్లోళ్లను అక్కడ నేనైతే చూడలే.

మియాపూర్ ఎఫ్ బ్లాక్

వస్తాం అన్నా, తేదీ తెలిస్తే ఇక్కడ పెట్టండి. రెస్కో వాళ్లకు డేటా క్లాజు, డీమ్డ్ జనరేషన్ క్లాజు గురించి మెయిల్ పెట్టా. మీటర్ డేటా ఇవ్వడానికి ఒప్పుకున్నారు, డీమ్డ్ మాత్రం "కంపెనీ పాలసీ" అంటున్నారు. నెలకు ఇన్ని గంటల దాకా కరెంటు కోత లెక్కలోకి రాదని రాయించమని మా ట్రెజరర్ సలహా. మాస్టారూ, ఎన్ని గంటలు అడగమంటారు?

బిల్లుల మాస్టారు

మీ జనరేటర్ లాగ్‌బుక్ తీయండి. పోయిన ఏడాది పగటి పూట ఎన్ని గంటలు నడిచిందో నెలవారీగా అందులోనే ఉంటుంది. అత్యధికంగా ఉన్న నెల కంటే ఎక్కువ అడగండి, బేరంలో తగ్గుతారు.

గుంటూరు మేడ

గీజరు పరీక్ష చేశా, 13 ఓల్టులు పడింది. మా ఏరియా లైన్‌మ్యాన్ వచ్చి స్తంభం ఎక్కి చూస్తే న్యూట్రల్ జాయింటు నల్లగా మాడి ఉంది, టేపు చుట్టి వదిలేశారు ఎప్పుడో. కొత్త కనెక్టర్ వేశారు. ఇవాళ పన్నెండున్నరకు 247, ఒక్కసారి కూడా ఆగలేదు. సర్వీస్ వైరు కూడా పాతదే, మార్పించమన్నారు. రాగిదా, అల్యూమినియందా, ఎంత మందం?

పాత లైన్‌మ్యాన్

పొడవు ఎంతో చెప్పకుండా మందం ఎలా చెప్పను? స్తంభం నుంచి మీటర్ దాకా టేపుతో కొలిచి రాయండి. అల్యూమినియం చాలు, కానీ మీటర్ దగ్గర రాగి తీగతో నేరుగా మెలిపెట్టనివ్వొద్దు, రెండు లోహాలనూ కలిపే బైమెటల్ లగ్ వేయమనండి. ఎర్త్ పిట్ మూత తీసి కూడా చూడండి, ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించండి.